కోత లేకుండా గుండెను చూడడం: రెండున్నర శతాబ్దాల కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలు చాలామంది పెద్దలు వ్రాస్తారు కనుక నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. మన నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిల మాట అయిన తరువాత ఎక్కువసేపు నడిచేది ఆరోగ్యం మాట, అందులోనూ గుండె మాట. "యాంజియోగ్రాం అంటే ఆపరేషనేనా మాస్టారూ?" అని నన్ను అడిగినవారు పదిమందికి తక్కువ ఉండరు. నేను వైద్యుణ్ణి కాను. కాట్రేనికోన చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయితే గుండె లోపలి సంగతిని బయటనుండి తెలుసుకునే విద్య సగానికి సగం భౌతికశాస్త్రమే కనుక, ఆ చరిత్రను నాకు చేతనైనంత సులువుగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఈ ప్రయత్నానికి మరో కారణం కూడా ఉంది. నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయ మిత్రునికి నడిస్తే ఛాతీ పట్టేసేది. డాక్టరు యాంజియోగ్రాం అన్నారు. ఆయన దాన్ని గుండె కోయడం అనుకున్నారు. అమ్మాయి పెళ్లి అయ్యాక చూద్దామని వాయిదా వేశారు. పెళ్లికి పదిరోజుల ముందు తెల్లవారుజామున పోయారు. ఒక మాటకు సరైన అర్థం తెలియకపోవడం వల్ల అంత నష్టం జరుగుతుందని అప్పుడు నాకు తెలిసివచ్చింది.

లెక్కకు రాని మరణాలు

1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమను ఏం చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. వారి లెక్క ప్రభుత్వం వ్రాసుకుంది, పత్రికలు వ్రాశాయి. కాని ఏటేటా ఇళ్లలో, పొలంగట్ల మీద, బస్సుల్లో "గుండె ఆగి" పోయినవారి లెక్క పల్లెటూళ్లలో ఎవరు వ్రాసుకున్నారు? వయసు మీరింది, కాలం తీరింది అనుకునేవారు. గుండెజబ్బు పట్నవాసపు కలిగినవారి రోగమనీ, కాయకష్టం చేసే పల్లెవాళ్లకు రాదనీ ఒక నమ్మకం ఉండేది.

ఆ నమ్మకం తప్పని తేల్చిన పరిశోధన మన గోదావరి జిల్లాల్లోనే జరిగింది. ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదికాలంలో జరిగిన మరణాలను కొందరు పరిశోధకులు లెక్కించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం బాధపడ్డారో ఇంటివారిని అడిగి వ్రాసుకొచ్చారు. ఆ కాగితాలు చూసి డాక్టర్లు కారణం నిర్ణయించారు. మొత్తం 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటురోగాల వాటా సుమారు 12 శాతం. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. అంటే ముగ్గురు పోతే ఒకరు పోతున్నది గుండె, రక్తనాళాల వల్ల. అది కూడా మన పక్క ఊళ్లలోనే.

చెవితో చూసిన కాలం

మన అంబాజీపేట సంతలో కొబ్బరి వ్యాపారి కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. గోటితోనో, మరో కాయతోనో తట్టి చూస్తాడు. నీరు ఎంత ఉంది, లోపల కురిడీ అయిందా లేదా పగలగొట్టకుండానే చెబుతాడు. వైద్యశాస్త్రం కూడా సరిగ్గా ఇలాగే మొదలయింది. ఆస్ట్రియా దేశంలో లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. సారా పీపాల్లో ఎంత సరుకుందో తట్టి తెలుసుకోవడం చిన్ననాట చూసిన ఆ కుర్రవాడు, పెద్దయ్యాక రోగి ఛాతీని వేళ్లతో తట్టి లోపల నీరు చేరిందా, గుండె పెరిగిందా కనిపెట్టవచ్చునని 1761లో పుస్తకం వ్రాశాడు. దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

1816లో పారిస్‌లో రెనే లెన్నెక్ అనే వైద్యుడు, ఒక యువతి ఛాతీమీద చెవి పెట్టి వినడానికి మొహమాటపడి, కాగితాల దస్తాను గొట్టంగా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, మరో కొస తన చెవికి ఆనించాడు. చెవి పెట్టి విన్నదానికంటే స్పష్టంగా వినిపించింది. అదే స్టెతస్కోపుకు పుట్టుక. కవాటం సరిగా మూసుకోకపోతే వచ్చే చప్పుడు దీనితో తెలుస్తుంది. కాని గుండెకు రక్తాన్ని ఇచ్చే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుంటే చప్పుడు రాదు. మన పెద్దవయసు వారిలో ఎక్కువమందిని బాధించే జబ్బు అదే. చెవికి అందని జబ్బు అది.

వెలుగూ, విద్యుత్తూ

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనుగొన్నాడు. భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి, 1901లో, ఆయనకే వచ్చింది. ఎముకలు తెల్లగా కనబడ్డాయి, గుండె ఒక నీడలాగా కనబడింది. గుండె పెద్దదయితే నీడ పెద్దదవుతుంది. అంతే. ఆ నీడలో రక్తనాళాలు కనబడవు, ఎందుకంటే రక్తమూ మాంసమూ ఎక్స్‌రేలను ఇంచుమించు ఒకే మాదిరిగా అడ్డుకుంటాయి.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో హాలండ్‌లో విలియం ఐంథోవెన్ గుండె పుట్టించే విద్యుత్తును కొలిచే యంత్రం తయారుచేశాడు. అది సుమారు 270 కిలోల బరువు, నడపడానికి అయిదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి చేతులూ కాళ్లూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చునేవాడు. ఇప్పుడు మనకు ఛాతీమీద బుడిపెలు అంటించి రెండు నిమిషాల్లో తీసే ఇ.సి.జి. దాని మనుమరాలే. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది. గుండెపోటు వచ్చిందా అన్నది ఇ.సి.జి. చాలావరకు చెబుతుంది. కాని ధమని సగం, ముప్పాతిక పూడినా, మనిషి విశ్రాంతిగా పడుకుని ఉన్నప్పుడు గీత మామూలుగానే ఉండవచ్చు. "ఇ.సి.జి. బాగానే ఉందన్నారండీ, మరుసటి వారమే పోయారు" అని మనం వినే మాటకు కారణం ఇది. ట్రెడ్‌మిల్ మీద నడిపించి గీత తీయడం ఆ లోపాన్ని కొంత పూడ్చింది. మోకాళ్ల నొప్పులున్న మనబోటివారికి ఆ నడక కూడా కష్టమే.

గొట్టంతో గుండెదాకా

గుండెలోకి దారి తీసిన మొదటి సాహసి వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే ఆసుపత్రిలో పనిచేసే పాతికేళ్ల కుర్ర డాక్టరు. చేతి నరంగుండా సన్నని రబ్బరు గొట్టం పోనిస్తే గుండెదాకా చేరుతుందని ఆయన ఊహ. పైవారు వద్దన్నారు. పరికరాలు తన అదుపులో ఉన్న నర్సును ఒప్పించి, ప్రయోగం ఆమె మీదే చేస్తానని బల్లకు కట్టి, తన చేతి రక్తనాళంలోకే గొట్టం తోసుకున్నాడు. తరువాత మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి, గొట్టం కొస గుండెలో ఉన్నట్లు ఫొటో తీయించాడు. మెచ్చుకోలుకు బదులు మందలింపు వచ్చింది. అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ ఆ పద్ధతిని శాస్త్రీయంగా పెంచారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

కరోనరీ ధమనులు కనబడడం మాత్రం ఒక పొరబాటు వల్ల జరిగింది. 1958 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు ఒక రోగి బృహద్ధమనిలోకి ఎక్స్‌రేకు కనబడే మందు వదులుతున్నారు. గొట్టం కొస జారి కుడి కరోనరీ ధమనిలో పడింది. మందంతా అందులోకే పోయింది. అప్పటి నమ్మకం ప్రకారం ఆ మనిషి బతకకూడదు. గుండె కొద్ది క్షణాలు ఆగింది. దగ్గమని సోన్స్ కేకవేశారు. రోగి దగ్గాడు. గుండె మళ్లీ కొట్టుకుంది. తెరమీద ఆ ధమని కొమ్మలతో సహా చెట్టులాగా కనబడింది. సోన్స్‌కు అర్థమయింది: కొద్దిపాటి మందును ఇలాగే కావాలని వదిలితే పూడికలు ఎక్కడున్నాయో చూడవచ్చు. అదే యాంజియోగ్రాం. అదే ఆసుపత్రిలో 1967లో అర్జెంటీనా సర్జను ఫావలోరో కాలి సిరతో బైపాస్ చేశారు. 1977లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ చిన్న బుడగతో ధమనిని వెడల్పు చేశారు.

ఇక్కడ మన ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. యాంజియోగ్రాం ఆపరేషన్ కాదు. ఛాతీ కోయరు. మత్తిచ్చి పడుకోబెట్టరు. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి గొట్టం పంపుతారు. కాని గొట్టం గుండె గుమ్మం దాకా వెళుతుంది కనుక అరుదుగానైనా రక్తస్రావం, పక్షవాతం, గుండెపోటు లాంటి చిక్కులు రావచ్చు. అందుకే సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం చూసే సగంమంది భయపడతారు.

మన తెలుగునాట

ఎదుర్లంక దగ్గర వారధి పడకముందు, కాట్రేనికోన నుండి కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే గౌతమి దాటాలి. పంటు కోసం రేవులో కూర్చోవాలి. రాత్రివేళ అయితే తెల్లవారేదాకా ఆగవలసిందే. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో వచ్చింది, సరిగ్గా సోన్స్ ఆ ధమనిని చూసిన ఏడాది. అయినా చాలా ఏళ్లపాటు గుండె యాంజియోగ్రాం అంటే మద్రాసో, వేలూరో, తరువాత హైదరాబాదో పోవలసిన మాటే. అది పొలం అమ్ముకునే మాట కూడా.

ఆ దూరం తగ్గించినవారిలో ముందుగా తలచుకోవలసిన పెద్ద డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టారు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లి, ఎక్స్‌రే చిత్రాలను చదివే విద్యలో, అంటే రేడియాలజీలో, అంతర్జాతీయంగా పేరు తెచ్చుకున్నారు. అక్కడి తెలుగువారి సంఘం తానాకు తొలి అధ్యక్షులు. 1980లలో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారి పిలుపు మీద తిరిగివచ్చి, హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు, అంటే మనం నిమ్స్ అని పిలుచుకునే ఆసుపత్రికి, డైరెక్టరుగా ఉండి దానికి ఒక రూపు తెచ్చారు. చిత్రాన్ని చూసి రోగం చెప్పగల నిపుణుడు ఎంత అవసరమో తెలుగునాట అందరికీ తెలియజేసినవారు ఆయన. 2000లో పద్మశ్రీ పొందారు, 2021లో కన్నుమూశారు.

అదే దారిలో డాక్టర్ బి. సోమరాజు గారు 1990లలో శాస్త్రవేత్త అబ్దుల్ కలాం గారితో కలిసి, దిగుమతి స్టెంటుకంటే తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంటు తయారుచేయించారు. రక్షణ పరిశోధనలో వాడే లోహవిద్య గుండెకు ఉపయోగపడింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె చికిత్స తెల్లకార్డు కుటుంబాలకు కూడా అందింది. ఉద్యోగులకూ మన పెన్షనర్లకూ 2013 చివర ఆరోగ్య పథకం వచ్చింది.

దారులు పడ్డాయి, పథకాలు వచ్చాయి. ఇక మిగిలింది భయం. దాన్ని తగ్గించిన యంత్రం కథ ఇప్పుడు చెబుతాను.

ముక్కలు చేసి చూపే యంత్రం

ఒక కొబ్బరితోట గట్టుమీద నిలబడి అవతలికి చూడండి. కొన్ని చోట్ల చెట్లు ఒకదాని వెనుక ఒకటి పడి దట్టంగా ఉంటుంది, కొన్ని చోట్ల అవతలి వెలుగు కనబడుతుంది. నాలుగడుగులు పక్కకు వేసి మళ్లీ చూడండి. ఇలా తోట చుట్టూ తిరుగుతూ ప్రతిచోటా ఎంత వెలుగు వస్తోందో వ్రాసుకుంటే, లోపలికి అడుగుపెట్టకుండానే ఏ చెట్టు ఎక్కడుందో కాగితం మీద గీయవచ్చు. లెక్క మాత్రం చాలా పెద్దది. వెలుగుకు బదులు ఎక్స్‌రే, తోటకు బదులు మనిషి, లెక్కకు కంప్యూటరు పెడితే అదే సి.టి. స్కాన్. అందులోని టి. అక్షరం టోమోగ్రఫీ అనే మాటది. గ్రీకు భాషలో టోమోస్ అంటే కోసిన ముక్క. కత్తి లేకుండా కోసి చూపే యంత్రమన్నమాట.

ఆ లెక్కను ముందుగా చేసినవాడు అలన్ కార్మాక్. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ ఆసుపత్రిలో 1956లో కొంతకాలం పనిచేసిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు. 1963, 1964లలో ప్రచురించాడు. వైద్యలోకం కదలలేదు. ఆయన వ్యాసం ప్రతి కావాలని అడిగిన కొద్దిమందిలో స్విట్జర్లాండ్‌లో మంచు చరియలను పరిశీలించే సంస్థవారు ఒకరట!

యంత్రం చేసినవాడు ఇంగ్లాండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన పనిచేసిన కంపెనీ ఇ.ఎం.ఐ. ఆ పేరు మనకు కొత్త కాదు. గ్రామఫోను గొట్టం ముందు కుక్క కూర్చున్న బొమ్మతో హెచ్.ఎం.వి. రికార్డులు అమ్మిన కంపెనీయే అది. మన ఇళ్లలో పద్యాలూ పాటలూ వినిపించిన కంపెనీ ప్రయోగశాలలోనే ఈ యంత్రం పుట్టింది. మొదటి ప్రయోగంలో ఒక్క చిత్రానికి కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. మెదడులోని బుడిపె స్పష్టంగా కనబడింది. 1979లో కార్మాక్‌కూ హౌన్స్‌ఫీల్డ్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. ఇద్దరికీ డాక్టరేటు లేదు. విద్యార్థులకు నేను ఈ సంగతి తరచు చెప్పేవాణ్ణి.

కొట్టుకునే గుండెను చూడడం ఎలా?

తల కదలకుండా ఉంటుంది. గుండె ఉండదు. స్కూలు గ్రూపు ఫొటోలో కదిలిన కుర్రవాడి ముఖం చెదిరిపోయినట్లు, తొలి స్కానుల్లో గుండె చెదిరిపోయేది. కరోనరీ ధమని మొదట్లోనే మూడు నాలుగు మిల్లీమీటర్లు, పోనుపోను ఇంకా సన్నం. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో కొట్టుకు దక్కేది ముప్పాతిక సెకనుకు కొంచెం ఎక్కువ. అందులో గుండె దాదాపు నిశ్చలంగా ఉండేది చాలా కొద్దిసేపు. ఆ సందులో చిత్రం తీయగలగాలి. దానికి సుమారు ముప్పై ఏళ్లు పట్టింది.

మొదటి మెట్టు 1980లలో అమెరికాలో డగ్లస్ బాయిడ్ తయారుచేసిన ఎలక్ట్రాన్ కిరణపు స్కానర్. దానితో 1990లో ఆర్థర్ అగట్‌స్టన్, ఆయన సహచరులు ధమనుల గోడల్లోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, అంకెల్లో లెక్కగట్టే పద్ధతి చెప్పారు. సున్నా వస్తే మంచిది, 400 దాటితే ముప్పు ఎక్కువ. 1998లో ఒకేసారి నాలుగు ముక్కల చిత్రాలు తీసే స్కానర్లు, 2004 నాటికి 64 ముక్కలవి వచ్చాయి. ఒక్కో ముక్క అర మిల్లీమీటరు పైచిలుకు మందం. యంత్రం మనిషి చుట్టూ సెకనులో మూడోవంతులో తిరిగేస్తుంది. ఇ.సి.జి. గీతను చూసుకుంటూ గుండె నిలకడగా ఉన్న క్షణాన్నే పట్టుకుంటుంది. ఐంథోవెన్ గీత, రాంట్‌జెన్ కిరణం, హౌన్స్‌ఫీల్డ్ లెక్క, ఈ మూడూ ఇక్కడ కలిశాయి.

నాకు ఆ పరీక్ష చేశారు. వంతెన మెట్లెక్కితే ఛాతీ బరువెక్కేది. ఇ.సి.జి. బాగుంది. మోకాళ్లవల్ల ట్రెడ్‌మిల్ కుదరలేదు. కాకినాడ తీసుకువెళ్లారు. ముందు మూత్రపిండాలు ఎలా ఉన్నాయో రక్తపరీక్ష చేశారు. నా నాడి 84 ఉంది. మాత్ర ఇచ్చి, అది 60 దగ్గరకు దిగేదాకా గంటసేపు కూర్చోబెట్టారు. మోచేతి దగ్గర ఒక సూది, నాలుక కింద ఒక మందు. బల్ల యంత్రంలోకి జరిగింది. మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చటి నీళ్లు పోసినట్లయింది. "ఊపిరి బిగబట్టండి" అన్నారు. పది అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోయింది. సాయంత్రానికి ఇంటికొచ్చి మా ఆవిడ పెట్టిన ఉప్మా తిన్నాను. ఒక ధమనిలో 40 శాతం పూడిక ఉందని, గొట్టం పంపనక్కరలేదు, మందులు చాలునని తేల్చారు.

పరీక్షకే పరీక్ష

ఇది నా ఒక్కడి అనుభవం. శాస్త్రంలో ఒక్కడి మాట చెల్లదు, పెద్ద లెక్కలు చూడాలి. 2010లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం, గుండెజబ్బు ఉన్నట్లు ముందు నిర్ధారణ కాకుండా, అత్యవసరం లేకుండా గొట్టంతో యాంజియోగ్రాం చేయించుకున్న సుమారు 4 లక్షల మందిలో గట్టి పూడిక కనబడినవారు 38 శాతం మాత్రమే. మిగిలినవారు గొట్టం దాకా వెళ్లకుండానే ఆ సంగతి తెలిసి ఉంటే బాగుండేదిగా!

స్కాట్లాండులో ఛాతీనొప్పితో వచ్చిన 4146 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం, రెండో భాగానికి దానితోపాటు సి.టి. స్కాన్. అయిదేళ్ల తరువాత, 2018లో లెక్క చూస్తే, గుండెజబ్బుతో చనిపోయినవారూ గుండెపోటు వచ్చినవారూ కలిపి మొదటి భాగంలో 3.9 శాతం, స్కాన్ జరిగిన భాగంలో 2.3 శాతం. స్కాన్ మందు కాదు కదా, మరి మేలు ఎలా జరిగింది? పూడిక చిన్నదిగా ఉన్నప్పుడే కంటికి కనబడింది కనుక సరైనవారికి సరైన మాత్రలు సకాలంలో మొదలుపెట్టారు. అది అసలు రహస్యం.

2022లో ఐరోపాలోని 26 ఆసుపత్రుల్లో 3561 మందిమీద మరో పరీక్ష జరిగింది. ముందు సి.టి. చేసినా, ముందే గొట్టం పంపినా తరువాతి మూడేళ్లకు పైగా గుండెపోట్లు, మరణాల విషయంలో చెప్పుకోదగిన తేడా లేదు. కాని పరీక్షవల్ల వచ్చే పెద్ద చిక్కులు గొట్టం పద్ధతిలో 1.9 శాతం, సి.టి. పద్ధతిలో 0.5 శాతం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లోనే ఇలాంటి నొప్పికి సి.టి.ని మొదటి పరీక్షగా చెప్పాయి. 2021లో అమెరికా హృద్రోగ సంఘాలు కూడా దానికి పెద్దపీట వేశాయి.

స్కాన్ చేయలేనివి

ఇంత చెప్పాక రెండోవైపు చెప్పకపోతే మాస్టారి ధర్మం కాదు.

మొదటిది, సి.టి. చూపుతుంది, బాగుచేయదు. గట్టి పూడిక కనబడితే గొట్టంతో యాంజియోగ్రాం, అవసరమైతే స్టెంటు తప్పవు. రెండోది, ధమనుల్లో సున్నం బాగా పేరుకున్నవారికి, సన్నని పాత స్టెంటు ఉన్నవారికి, నాడి తాళం తప్పినవారికి చిత్రం సరిగా రాకపోవచ్చు. మూడోది, ఎక్కించే మందులో అయోడిన్ ఉంటుంది. మూత్రపిండాల జబ్బు, పూర్వం అలాంటి మందు పడకపోవడం, చక్కెరజబ్బుకు వాడే మాత్రలు, ఉబ్బసం ఉంటే ముందుగానే డాక్టరుకు చెప్పాలి. నాలుగోది, ఎక్స్‌రే మోతాదు. తొలిరోజుల కంటే ఇప్పటి మంచి యంత్రాల్లో అది చాలా తగ్గింది. అయినా ఏ బాధా లేనివారు ఏటా సరదాకు చేయించుకునే పరీక్ష కాదిది. ప్యాకేజీ చౌకగా వస్తోందని చేయించుకోకండి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. నొప్పి అప్పటికప్పుడు మొదలై, చెమటలు పట్టి, ఎడమచేతికో దవడకో పాకి, పావుగంటలో తగ్గకపోతే అది సి.టి. వేళ కాదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108కి ఫోను చేసి దగ్గరి ఆసుపత్రికి పోవాలి. ముందు ఇ.సి.జి., తరువాత గడ్డను కరిగించే ఇంజక్షనో, గొట్టంతో చికిత్సో డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆ వేళ గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోవడం ప్రాణాంతకం. చక్కెరజబ్బు ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చునని ఇంటివారు గుర్తుంచుకోవాలి.

మనం చేయవలసింది

నడిచేటప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువును దాచుకోవద్దు. ఎంత దూరానికి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, కాగితం మీద వ్రాసుకుని వెళ్లండి. పాత ఇ.సి.జి.లు, మందుల చీటీలు, రక్తపరీక్షలు ఒక ఫైలులో ఉంచండి. మనం ఆఫీసుల్లో ఎన్ని ఫైళ్లు కాపాడలేదు! డాక్టరు యాంజియోగ్రాం అంటే "సి.టి.దా, గొట్టంతోనా? నాకు ఏది తగునండీ?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. ఆరోగ్య పథకంలో ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో ముందే విచారించుకోండి. గొట్టంతోనే చేయాలని ఆయన కారణం చెబితే భయపడి వాయిదా వేయవద్దు. అది కూడా కోత కాదని ఇప్పుడు మీకు తెలుసు.

పీపా తట్టిన చేతుల నుండి కంప్యూటరు దాకా రెండున్నర శతాబ్దాలలో ఎందరో శ్రమపడ్డారు. వారి శ్రమఫలం గౌతమి దాటితే మనకు అందుతుంది. దాటడానికి ఇప్పుడు పంటు కోసం కూడా ఆగనక్కరలేదు. ఈ సంచిక చదివాక ఇంట్లో పెద్దవారికీ, ఇరుగుపొరుగుకూ ఈ నాలుగు మాటలు చదివి వినిపించవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.